రెండో సీటు

ఫిషింగ్ హార్బరు ఐసు ఫ్యాక్టరీలో గుమాస్తాని.
పగలు దిమ్మల లెక్క.
అది తేలాక, అదే పద్దు పుస్తకం వెనకవైపు నుంచి
మాటల లెక్క.
ఒక్కో పేజీకి ఒక్కో తోక:
"ట్టు" పేజీలో పట్టు, ఒట్టు, తాకట్టు.
"ప్పు" పేజీలో ఉప్పు పక్కనే అప్పు.
ఈ రేవులో ఆ రెంటినీ నేను జత చెయ్యక్కర్లేదు.

బ్యాండువాళ్ళకి, యూనియన్ మీటింగుకి,
ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీకి
అడిగినవాళ్ళకి అడిగినంత రాసిచ్చాను.
"విశాఖ"కి జత కావాలంటే
శాఖ, రేఖ, లేఖ అయిపోయాక
కాకికి కూడా ఒత్తు తగిలించి లాక్కొచ్చిన రోజులున్నాయి.

అయినా ఈ ఊరికి వేరే కవులెందుకు?
సాయంత్రం జగదాంబ జంక్షన్లో
నాలుగు బస్సుల ఫుట్‌బోర్డుల మీద నలుగురు కండక్టర్లు
అక్కయ్యపాలెం కంచరపాలెం
మర్రిపాలెం మద్దిలపాలెం
ఊపిరి తీసుకోకుండా.
చిల్లర లేకపోతే తిట్టు కూడా ప్రాసలోనే.

మా కోరుకొండ మాస్టారు మాత్రం
చివరి జతని ఖాతరు చేసేవారు కారు.
"తోకలు కలిస్తే చాలదురా, రెండో అక్షరం కలవాలి.
పాదానికో బస్సు అనుకో.
మొదటి సీట్లో ఎవడైనా కూర్చోనీ,
రెండో సీటు మీద రుమాలు వేసి ఉంటుంది.
ఆ మనిషి ఎక్కాల్సిందే."
ఎక్కకపోతే? అని అడిగాను.
బెత్తంతో బల్ల మీద కొట్టారు.
నాకప్పుడు పన్నెండేళ్ళు.

మొన్న గరికిన ఎర్రయ్యమ్మ వచ్చింది.
బుట్ట గుమ్మం బయటే దించింది.
తమ్ముడు దానయ్య వేటకెళ్ళి ఏడాది,
రేవులో ఆడవాళ్ళం పాడుకుంటాం,
నాలుగు ముక్కలు రాసిమ్మంది.

చెయ్యి అలవాటుగా "ంతు" పేజీ తిప్పింది.
గల్లంతు.
దాని కింద గొంతు, వంతు, అంతు, తంతు
పిలవకముందే వచ్చి
పీటలు వేసుక్కూర్చున్న చుట్టాల్లా.
జత దొరకని మాటలు ఎన్నో రాత్రులు నా నిద్ర తిన్నాయి.
ఇన్ని జతలున్న మాటని చూసి
భయపడ్డం ఇదే మొదలు.

ఆమెకి చదువు రాదు.
నా వేలు ఎక్కడ ఆగిందో చూసింది. ఏటది? అంది.
చదివాను.
"ఆ మాటెట్టకు బావూ.
పేపరోళ్ళు రాసీసినారు, ఆఫీసోళ్ళు రాసీసినారు.
నువ్వు కూడా రాసీకు."

పుస్తకం మూసి, పేరు దగ్గర మొదలుపెట్టాను.
దానయ్య. రెండోది నకారం, ముందు దీర్ఘం.
రెండో పాదానికి దోనె వచ్చింది.
మూడోదానికి వాన, తనంతట తనే.
నాలుగోదానికి
మీను ఉంది. గుమ్మం బయట బుట్ట చూసి వద్దనుకున్నాను.
మేను ఉంది. ఒడ్డుకి చేరలేదు.
రాను అని ఒకటుంది.
నాలిక కరుచుకున్నాను.

మొదటి అక్షరం రాసి
రెండోదాని చోటు వదిలేశాను.

"ఇక్కడేటి లేదు?" వేలు పెట్టి అడిగింది.
అక్కడ కాసేపు ఆగండి, అన్నాను.
"ఎంతసేపు?"
మాస్టారి బెత్తం గుర్తొచ్చింది.
మీ ఇష్టం, అన్నాను.
కాగితం రొంటిన దోపుకుని,
డబ్బులకి బదులు గుప్పెడు ఎండు నెత్తళ్ళు
పద్దు పుస్తకం మీద పెట్టి వెళ్ళింది.
"ంతు" పేజీకి ఇంకా ఆ వాసనే.

రాత్రి హనుమంతవాక బస్సు
మద్దిలపాలెంలో దాదాపు ఖాళీ అయింది.
డ్రైవరు వెనక రెండో సీటు మీద
ఎవరిదో గళ్ళ రుమాలు.
"కూర్చోండి గురువుగారూ, ఎవరూ లేరు"
అన్నాడు కండక్టరు.
పర్లేదు, అన్నాను.
కమ్మీ పట్టుకుని
దిగేదాకా నిలబడ్డాను.